పుస్తకం మీద ఒక తేదీ, ముద్రలో ఇంకో తేదీ: కార్నెట్ మీద వచ్చిన ఇంగ్లండ్ కారు కేసు

మాది నెల్లూరులో క్లియరింగ్ ఏజెంట్ ఆఫీసు, అంటే రేవుల్లో సరుకులకు కస్టమ్స్ కాగితాల పని చేసిపెడతాం. రోజువారీ పని రొయ్యల కంటైనర్లు, చీమకుర్తి నుంచి వచ్చే గ్రానైట్ బ్లాకులు. కార్లు మా దాకా ఏడాదికి ఒకటో రెండో వస్తాయి, అవి కూడా ఎవరో తెలిసినవాళ్లు పంపితేనే. ఈ కేసు 2024లోది. దీన్ని పూర్తిగా రాయడానికి కారణం ఉంది. దీని తర్వాత ఇలాంటి ఫోన్లు నాకు నాలుగైదు వచ్చాయి, అందరూ అదే చోట పొరబడుతున్నారు. మనిషి ఊరు, ఉద్యోగం, కారు కంపెనీ, మోడల్ రాయడం లేదు, తేదీలు రెండు మూడు రోజులు అటూ ఇటూ జరిపాను. మిగతాదంతా జరిగింది జరిగినట్టే.

ఆయనది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. పన్నెండేళ్లుగా ఇంగ్లండులో ఉద్యోగం, అక్కడి పౌరసత్వం, ఇక్కడికి రాకపోకలకు ఓసీఐ కార్డు, అంటే విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చే కార్డు. సొంత కారులో దేశమంతా తిరగాలని చిన్నప్పటి నుంచి కోరిక. 2023లో ఉద్యోగానికి ఏడాది సెలవు పెట్టి, ఆ ప్రయాణం కోసమే ఒక పాత డీజిల్ ఫోర్ బై ఫోర్ కొన్నాడు. అది 2015లో తయారైన బండి. కొన్న అయిదు నెలలకే కంటైనర్‌లో చెన్నైకి పంపాడు. పన్ను కట్టకుండా తాత్కాలికంగా దించుకోవడానికి కార్నెట్ తీసుకున్నాడు.

కార్నెట్ అంటే తెలియనివాళ్లకు రెండు మాటలు. అది కారుకు పాస్‌పోర్టు లాంటి పుస్తకం. ఒక్కో పేజీకి మూడు ముక్కలు ఉంటాయి. దేశంలోకి వచ్చేటప్పుడు కస్టమ్స్ వాళ్లు ఒక ముక్క చించుకుని ముద్ర వేస్తారు, వెళ్లేటప్పుడు ఇంకో ముక్క చించుకుంటారు, మూడోది రెండు ముద్రలతో మన పుస్తకంలోనే మిగులుతుంది. కారు తిరిగి వెళ్లకపోతే ఆ పన్ను మొత్తం ఇక్కడ హామీగా ఉన్న ఆటోమొబైల్ సంఘం కట్టాలి. వాళ్లు కార్నెట్ ఇచ్చిన దేశంలోని సంస్థ దగ్గర వసూలు చేసుకుంటారు, ఆ సంస్థ కారు యజమాని పెట్టిన డిపాజిట్‌లోంచి పట్టుకుంటుంది. మన దేశంలో కారు పన్నులు ఎక్కువ కాబట్టి డిపాజిట్ కూడా చిన్నది కాదు. ఈయనకు అది కారు ధర కన్నా ఎక్కువే అయింది.

2023 అక్టోబరు 25న చెన్నైలో లోపలికి వచ్చిన ముద్ర పడింది. కర్ణాటక, గోవా, రాజస్థాన్ తిరిగి సంక్రాంతికి ఊరు చేరాడు. పండగ అయిన వారానికి నాన్నకు పక్షవాతం వచ్చింది. ఒంగోలులో మొదట చూపించి, తర్వాత నెల్లూరు తెచ్చారు. ఇక ఆయన వెనక్కి వెళ్లే ఆలోచన మానుకుని, ఇంటి నుంచే పని చేసుకునేలా కంపెనీని ఒప్పించుకున్నాడు.

మార్చి రెండో వారంలో మా ఆఫీసుకు వచ్చినప్పుడు

ఆయన వచ్చింది టెన్షన్‌తో కాదు. కారును ఇక్కడే ఉంచుకుంటాను, పన్ను ఎంతో చెబితే కట్టేస్తాను, తొందరేమీ లేదు అన్నాడు. "పుస్తకం మీద ఆగస్టు దాకా ఉంది గదన్నా, ఇంకా అయిదు నెలలు."

పుస్తకం తెరిచి చూశాను. అట్ట మీద ఆగస్టు తేదీ ఉన్నమాట నిజమే, కార్నెట్‌ను ఏడాదికి ఇస్తారు. కానీ ఆ తేదీ పుస్తకానికి, మన దేశంలో కారుకు కాదు. సందర్శకుడు కార్నెట్ మీద తెచ్చిన కారును ఇక్కడ ఉంచుకునే గడువు ఆరు నెలలు, అది లోపలికి వచ్చిన ముద్ర తేదీ నుంచి లెక్క. అంటే ఏప్రిల్ 24. మా బల్ల మీద ఉన్న క్యాలెండర్‌లో ఆయన చేతనే లెక్క పెట్టించాను. నలభై మూడు రోజులు వచ్చాయి. అప్పుడు ఆయన ముఖం చూశాక, ఇలాంటి మాట చెప్పే ముందు మనిషిని కాసేపు కూర్చోబెట్టి మంచినీళ్లు ఇవ్వాలి అనిపించింది, ఇంట్లో అప్పటికే మంచం మీద ఒకరున్నారు కదా.

చుట్టూ ఉన్నవాళ్లు చెప్పిన మాటలు గందరగోళాన్ని ఇంకా పెంచాయి. ఆయన బావ, అంటే అక్క భర్త, "తమిళనాడు బండి కొనుక్కొస్తే పన్నెండు నెలలు తిప్పుకోవచ్చు, దీనికీ అంతే" అన్నాడట. అది మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్, ఒక రాష్ట్రంలో రిజిస్టర్ అయిన బండిని ఇంకో రాష్ట్రంలో ఉంచుకోవడం గురించి. మన దేశంలో రిజిస్ట్రేషనే లేని బండికి దానితో సంబంధం లేదు. ఇంకొకరెవరో బ్రోకరు, ఇదే మోడల్ యాక్సిడెంట్ బండి ఒకటి ఉంది, దాని నంబరు దీనికి ఎక్కిద్దాం అన్నాడట. ఈ రెండో మాట వినగానే నేను పెన్ను కింద పెట్టి గట్టిగానే చెప్పాను. షరతు మీద పన్ను మినహాయించిన వస్తువుకు ఆ షరతు తప్పితే కస్టమ్స్ చట్టం 111వ సెక్షన్ కింద జప్తు చేయవచ్చు. ఛాసిస్ నంబరు మార్చితే అది గడువు దాటిన కేసుగా ఉండదు, నేరం అవుతుంది, 135వ సెక్షన్ కింద జైలు దాకా పోతుంది. ఆ దారిలో పోయేట్టయితే ఆ కాగితాలు మా బల్ల మీద పెట్టవద్దన్నాను. ఆయన వెంటనే వద్దన్నాడు, పాపం ఆయనకు ఆ ఉద్దేశం ముందు నుంచీ లేదు.

ఇంకో విషయం నేను అడిగితే బయటపడింది. నాన్నను ఆస్పత్రికి తీసుకెళ్లిన రెండుసార్లూ కారు నడిపింది బావ. సందర్శకుడి సొంత వాడకం కోసం పన్ను లేకుండా వదిలిన కారు అది, దాన్ని ఇక్కడ నివాసం ఉండేవాళ్ల చేతికి ఇవ్వకూడదు, అద్దెకూ అమ్మకానికీ అసలే కుదరదు. ఆపదలో చేసిన పనికి మనిషిని తప్పు పట్టలేం, కానీ ఆ రోజు నుంచి తాళం చెవి ఆయన జేబులోనే ఉండాలని, ఎవరైనా అడిగితే జరిగింది దాచకుండా చెప్పాలని అన్నాను.

ముందుగా చూసిన దారి: పన్ను కట్టి ఉంచుకోవడం

మొదట ఆయన కోరిందే చూశాను, నాలుగు రోజులు దాని మీదే పెట్టాను. విదేశంలో రెండేళ్లు వరసగా ఉండి, స్థిరపడటానికి తిరిగి వచ్చేవాళ్లు తాము కనీసం ఏడాది పాటు సొంతంగా ఉంచుకున్న కారును పన్ను కట్టి తెచ్చుకోవచ్చు. రెండేళ్ల షరతు ఈయనకు ఎప్పుడో పూర్తయింది. ఏడాది షరతు దగ్గర పడిపోయాం. ఓడ ఎక్కేనాటికి కారు ఆయన పేరు మీద ఉన్నది అయిదు నెలలే. ఇంగ్లండులో ఇచ్చే రిజిస్ట్రేషన్ కాగితం మీద ఆయన పేరు ఎక్కిన తేదీ స్పష్టంగా ఉంది, దాని మీద వాదించడానికి ఏమీ లేదు.

ఇక మామూలు సెకండ్ హ్యాండ్ కారుగా దిగుమతి. దానికి తయారైన తేదీ నుంచి మూడేళ్లు దాటకూడదు, ఈ బండికి అప్పటికే ఎనిమిది దాటాయి. స్టీరింగ్ కుడివైపు ఉండాలి, అది ఉంది. హెడ్‌లైట్లు ఎడమవైపు నడిచే రోడ్లకు సరిపోవాలి, ఇంగ్లండ్ బండి కాబట్టి అదీ సరిపోయింది. స్పీడోమీటరు కిలోమీటర్లలో ఉండాలి, ఇది మైళ్లలో ఉంది. పైగా పాత కార్లు దిగాల్సింది ముంబై రేవులోనే, ఈ బండి దిగింది చెన్నైలో. మైళ్ల మీటరు మార్చవచ్చేమో గాని, తయారైన సంవత్సరాన్ని ఎవరూ మార్చలేరు కదా.

పన్ను లెక్క కూడా ఆయనకు చూపించాను, ఎందుకంటే "ఎంతైనా కడతాను" అనే మాట లెక్క చూడనప్పుడే వస్తుంది. అప్పటి రేట్ల ప్రకారం పాత కారుకు బేసిక్ సుంకమే 125 శాతం. కస్టమ్స్ వాళ్లు కారు విలువ 10 లక్షలుగా కట్టారనుకుంటే సుంకం 12 లక్షల 50 వేలు, దాని మీద పది శాతం సర్‌ఛార్జ్ లక్షా 25 వేలు. అన్నీ కలిపిన 23 లక్షల 75 వేల మీద 28 శాతం ఐజీఎస్టీ (దిగుమతుల మీద వేసే జీఎస్టీ), అంటే 6 లక్షల 65 వేలు. సెస్ కలపకుండానే పన్నులు 20 లక్షల 40 వేలు. ఆ కాగితం మడిచి ఆయన జేబులో పెట్టుకున్నాడు, తర్వాత ఇంట్లో వాళ్లను ఒప్పించడానికి అదే పనికొచ్చిందట.

ఇక్కడ నా వైపు ఒక పొరపాటు ఉంది. ఏడాది షరతు మొదటి రోజే అడిగి ఉంటే ఆ నాలుగు రోజులు మిగిలేవి. రెండేళ్ల నివాసం సరిపోయింది కదా అని ముందుకు పోయి, కొన్న తేదీ చివర్లో చూశాను.

గడువు పెంచమని అడగడం, మిగతా ఆలోచనలు

రెండో దారి గడువు పొడిగింపు. నాన్న ఆస్పత్రి కాగితాలు, న్యూరాలజిస్టు ఉత్తరం, కార్నెట్ నకలు జతచేసి మార్చి 18న దరఖాస్తు పెట్టాం. అది పెట్టేటప్పుడే ఆయనకు ఒక మాట చెప్పాను: జవాబు వస్తుందని నమ్ముకుని కూర్చునేది లేదు, రాదనుకునే మిగతా పని చేద్దాం. ఎందుకంటే పొడిగింపు వచ్చినా ఆయన అసలు సమస్య తీరదు. కార్నెట్ సౌకర్యం సందర్శకుడికి, ఆయనేమో ఇక్కడే ఉంటానంటున్నాడు. రెండు నెలలు దొరికితే, ఆ రెండు నెలల తర్వాత కూడా కారు వెళ్లిపోవాల్సిందే. ఇన్సూరెన్సూ అంతే. బయటి దేశం పాలసీ ఇక్కడ చెల్లదు కాబట్టి చెన్నైలో దిగగానే మన కంపెనీ దగ్గర థర్డ్ పార్టీ తీసుకున్నాడు, అది సరిగ్గా ఆరు నెలలకే. పొడిగింపు కోసం చూస్తూ ఆ పాలసీ అయిపోతే కారును రోడ్డు మీదికి తీయలేం, అంటే రేవుకు నడుపుకుని పోవడానికి కూడా లేదు.

ఏప్రిల్ మొదటి వారం దాకా ఇంకా కొన్ని కాగితాలు అడుగుతూ వచ్చారు తప్ప తేల్చి చెప్పలేదు.

నేపాల్ సరిహద్దు దాటి మళ్లీ లోపలికి వస్తే కొత్త ముద్ర పడుతుంది కదా అని ఆయన స్నేహితుడొకడు సలహా ఇచ్చాడు. తిరుగుతూ పోయే ప్రయాణికుడైతే ఆలోచించేవాడినేమో. ఈయన విషయంలో ఒప్పుకోలేదు. నాన్నకు అన్నం తినిపించే మనిషి పోను రాను నాలుగు వేల కిలోమీటర్లు కారు నడపడం ఒకటి, సరిహద్దులో అధికారి "మీరు ఎక్కడ ఉంటున్నారు" అని అడిగితే నిజం చెప్పలేని స్థితిలో పడటం రెండోది. అబద్ధం మీద నిలబడే కాగితం పని నేను చేయను, చేసినా అది నిలవదు.

కుదిరింది: తిరిగి పంపడం, అదీ గడువుకు చాలా ముందే

మార్చి 20 సాయంత్రం ఆస్పత్రి క్యాంటీన్‌లో కూర్చుని తేల్చుకున్నాం. కారు వెళ్లిపోవాలి. ఆయనకు బాధగానే ఉంది. ఆ బండిలో ఏడు వేల కిలోమీటర్లు తిరిగాడు, నాన్నను మొదటిసారి ఆస్పత్రికి తెచ్చిందీ అందులోనే. కాసేపు మాట్లాడకుండా టీ తాగి, "సరే అన్నా, ఎట్ట చేద్దాం" అన్నాడు.

నేను వెనక నుంచి లెక్క వేశాను. చివరి రోజు ఏప్రిల్ 24. కార్నెట్‌లో వెళ్లిన ముద్ర పడేదాకా కారు దేశంలో ఉన్నట్టే లెక్క. ఆ ముందు వరసలో పండగ సెలవులు ఉన్నాయి, ఉగాది ఏప్రిల్ 9, ఆ వెంటనే రంజాన్. ఓడల సంగతి ఇంకా అధ్వానం. ఎర్ర సముద్రంలో హూతీల దాడుల వల్ల యూరప్ ఓడలు సూయజ్ వదిలి ఆఫ్రికా చుట్టూ తిరిగి పోతున్నాయి, అద్దెలు పెరిగాయి, చెప్పిన తేదీకి ఓడ వస్తుందన్న నమ్మకం లేదు. అందుకే ఏప్రిల్ 24కు కాదు, 10కి గురి పెట్టాం. ప్రయాణం ఎన్ని వారాలు పట్టినా మాకు నష్టం లేదు, ఇక్కడ ముద్ర పడితే చాలు, ఆ తర్వాత ఓడ గుడ్ హోప్ అగ్రం చుట్టి పోతే పోనీ.

కృష్ణపట్నం మాకు పక్కనే, కానీ అక్కడి నుంచి ఈ పనికి సరిపోయే కంటైనర్ ఓడ మాకు దొరకలేదు. పైగా లోపలికి వచ్చిన రికార్డు చెన్నైలో ఉంది. వేరే రేవు నుంచి కూడా పంపవచ్చు, కానీ పాత రికార్డు అక్కడే ఉంటే సరిచూసుకోవడం తేలిక, వారం రోజుల ఉత్తరప్రత్యుత్తరాలు తగ్గుతాయి. చెన్నైలో మాతో పని చేసే వాళ్లకు అప్పజెప్పాం.

మార్చి చివరలో పుస్తకంలోని వివరాలు కారుతో పోల్చాను. ఈ పని మాత్రం ఎవరూ వదిలేయకూడదు. ఛాసిస్ నంబరు సరిగ్గా ఉంది, ఇంజన్ నంబరులో ఒక అంకె తేడా ఉంది. ఇంజన్ మీద 8 ఉంటే పుస్తకంలో 3 రాసి ఉంది. వచ్చేటప్పుడు ఎవరూ పట్టించుకోలేదు, వెళ్లేటప్పుడు పట్టుకుంటే కారు మారిందా అన్న అనుమానం వస్తుంది. కార్నెట్ ఇచ్చిన సంస్థకు రాసి, అది టైపు పొరపాటేనని వాళ్ల చేత లెటర్‌హెడ్ మీద ఉత్తరం తెప్పించాం. అయిదు రోజులు పట్టింది. పుస్తకంలో మనం పెన్నుతో దిద్దితే ఆ పుస్తకమే చెల్లదు, అందుకని ఆయనను తాకవద్దన్నాను.

ఏప్రిల్ 4 తెల్లవారుజామున కారు చెన్నైకి బయల్దేరింది. ఎన్నికల కోడ్ రోజులు, హైవే మీద అడుగడుగునా తనిఖీలు. విదేశీ నంబరు ప్లేటు, వెనక యూకే అని గుండ్రటి స్టిక్కరు చూసి రెండు చోట్ల ఆపారు. బయటి దేశం సొంత వాహనాలకు 2022లో వచ్చిన నిబంధనల ప్రకారం ఉండాల్సిన కాగితాలు, అంటే రిజిస్ట్రేషన్, ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్, వాటితో పాటు కార్నెట్ నకలు ఒక ఫైలులో వరసగా పెట్టి ఇచ్చాను. ఒక్కో చోట పది నిమిషాల్లో వదిలేశారు. ఫాస్టాగ్ లేదు కాబట్టి టోల్ ప్రతి చోటా రెండింతలు.

అనుకున్నట్టే ఓడ వారం రోజులు వెనక్కి జరిగింది. ఆ వారం మా లెక్కలో ఉంది కాబట్టి ఎవరూ కంగారు పడలేదు. ట్యాంకులో డీజిల్ దాదాపు అంతా తీసేసి, బ్యాటరీ తీగలు విప్పి, చక్రాలకు చెక్కలు కొట్టి బెల్టులతో బిగించారు. తనిఖీ చేసిన అధికారి ఇంజన్ నంబరు దగ్గర ఆగాడు. ఉత్తరం చూపించాం, చదివి తల ఊపాడు. ఏప్రిల్ 16న వెళ్లిన ముద్ర పడింది. మా చెన్నై వాళ్లను పంపి ఊరుకోకుండా నేనే వెళ్లి, ముద్ర మా దగ్గర మిగిలే ముక్క మీద కూడా పడిందా, తేదీ చదవడానికి వీలుగా ఉందా అని చూసుకున్నాను. ఆ ముక్క మీద ముద్ర లేకపోతే డిపాజిట్ వెనక్కి రాదు. అప్పుడు కారు ఇంగ్లండులోనే ఉందని అక్కడి కస్టమ్స్ దగ్గర మళ్లీ ధ్రువపత్రం తెచ్చుకోవాల్సి వస్తుంది.

అక్కడ దిగాక స్నేహితుడు చూసుకున్నాడు. ఆ దేశం నుంచి వెళ్లిన వస్తువు మూడేళ్లలోపు తిరిగి వస్తే పన్ను మినహాయింపు ఉంది, కొన్న కాగితాలు చూపించి దాన్ని వాడుకున్నాడు. ఎంఓటీ, అంటే అక్కడి ఫిట్‌నెస్ పరీక్ష, గడువు అయిపోయింది కాబట్టి రేవు నుంచి వేరే బండి మీద ఎక్కించి తీసుకెళ్లి, ఆగస్టులో అమ్మేశాడు. అసలు కార్నెట్ పుస్తకం కొరియర్‌లో పంపాక డిపాజిట్ వెనక్కి వచ్చింది.

ఈ కేసు తర్వాత మా ఆఫీసులో మారినవి

విదేశీ కారు అని ఎవరు ఫోన్ చేసినా పన్ను గురించి నేను మొదట మాట్లాడటం లేదు. ముద్ర ఉన్న పేజీ ఫోటో పంపమంటాను. ఆ తర్వాత మీరిప్పుడు ఎక్కడ నివసిస్తున్నారు, ఇక మీదట ఎక్కడ ఉండబోతున్నారు అని అడుగుతాను. జవాబు "ఇక్కడే" అయితే కార్నెట్ మాట అక్కడితో ఆగిపోతుంది. కారు మీ పేరు మీదికి ఎప్పుడు వచ్చింది, తయారైంది ఎప్పుడు, ఎవరెవరు నడిపారు అన్నవి ఆ వరసలోనే అడుగుతాను. ఎవరెవరు నడిపారో అడగడానికి ముందు మొహమాటపడేవాడిని, ఇప్పుడు పడటం లేదు.

తిరిగి వచ్చి స్థిరపడాలనుకునేవాళ్లకు నేను చెప్పేది వేరు. కారు మీద అంత ప్రేమ ఉంటే ప్రయాణానికి ఏడాది ముందే కొనండి, కొన్న కాగితం, డబ్బు కట్టిన రసీదు, ఇన్సూరెన్సు అన్నీ మీ పేరు మీదే ఉంచండి, టికెట్ కొనక ముందే ఒకసారి ఇక్కడ అడగండి. గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లయితే మొదట స్టీరింగ్ ఎటువైపు ఉందో చెప్పమంటాను, కువైట్, దుబాయ్ బండ్లకు అది ఎడమవైపు ఉంటుంది. రేట్లు, నిబంధనలు మారుతూనే ఉంటాయి, 2025 బడ్జెట్‌లో కూడా కార్ల సుంకాలను తిరగరాశారు, కాబట్టి ఈ కేసులోని అంకెలు పట్టుకుని ఎవరూ డబ్బు సిద్ధం చేసుకోవద్దు.

ఆయన ఇప్పుడు ఊళ్లోనే ఉన్నాడు. ఏపీ 27 నంబరుతో ఒక పాత కారు కొన్నాడు, నాన్నను ఫిజియోథెరపీకి వారానికి రెండుసార్లు అందులోనే తీసుకొస్తాడు. బావకు తాళం ఇవ్వడానికి ఇక అడ్డేమీ లేదు. పోయిన నెల ఆయనే ఒకరిని నా దగ్గరికి పంపాడు. మలేషియా నుంచి వచ్చిన కుర్రాడు, కారు ఇంకా ఓడ ఎక్కలేదట. కాగితాలన్నీ పట్టుకుని వచ్చాడు, ముందుగా కారు కొన్న తేదీ చూస్తున్నాం.